సంతకం కింద టైము

ఆ సినిమాలు మొత్తం నాలుగు వచ్చాయి. నాలుగింటిలోనూ డిటెక్టివ్ ఒక్కడే, కథ కూడా ఇంచుమించు ఒక్కటే. పై అధికారి వద్దంటాడు, వీడు వింటే కదా! వారెంటు లేకుండా ఇళ్లలో దూరతాడు, బీరువాల తాళాలు బూటు కాలితో పగలగొడతాడు, సరిగ్గా ఇంటర్వెల్‌కు ముందు సస్పెండ్ అవుతాడు. చివర్లో ఆ సస్పెండ్ చేసిన అధికారే వచ్చి సెల్యూట్ కొడతాడు. నాలుగు సినిమాల్లో కలిపి ఆ మహానుభావుడు ఒక్క పంచనామా రాయించిన పాపాన పోలేదు. ఇప్పుడు ఇంత గట్టిగా చెబుతున్నాను గానీ, మొదటి సినిమా చూసేనాటికి పంచనామా అంటే నాకూ తెలియదు. శవాలకు చేస్తారని మాత్రం విన్నాను.

మొదటిది జగిత్యాలలో చూశాం, నేనూ నా దోస్తూ. డిగ్రీ చదువుతూ ఇద్దరం ఒకే గదిలో అద్దెకు ఉండేవాళ్లం. ఆమెది కోరుట్ల. వాళ్ల నాన్న దుబాయిలో ఉండేవాడు. మాది పెగడపల్లి దిక్కు ఒక ఊరు. వాళ్ల తాతది కూడా ఆ ఊరే. మా తాత ఆ ఊరికి దొర. వాళ్ల తాత మా వాకిట్లోకి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేవాడని మా నాయనమ్మ చెప్పేది. ఆ దొరతనం మా నాన్న కాలానికే పోయింది. మా నాన్న ఎరువుల దుకాణంలో కూర్చుని అందరినీ "అన్నా, అన్నా" అని పిలిచేవాడు. అయినా ఆమె నన్ను ఏడిపించడానికి "దొర్సానీ" అనేది. నేను నవ్వేదాన్ని. లోపల ఒక మూల మాత్రం ఆ పిలుపు నాకు న్యాయంగా రావలసిందేనని ఉండేది. సిగ్గుమాలిన మాటే, కానీ ఉన్నమాట.

హీరో మొదటి తాళం పగలగొట్టగానే ఆమె రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. నేను చున్నీతో మొహం కప్పుకున్నాను. సిగ్గేసి అనుకున్నారు అందరూ. అసలు సంగతి, ఆ ఈల నాకు రాదు. గదికి పోయాక వారం రోజులు బాత్రూంలో తలుపు వేసుకుని నేర్చుకుందామని చూశాను. ఉమ్మి వచ్చింది గానీ ఈల రాలేదు.

ఆ రోజు బయటికి వచ్చాక టికెట్ వెనక తేదీ వేసి, ఆమెతో ఒక సంతకం పెట్టించి, పక్కన నా సంతకం పెట్టాను. పుట్టుకతోనే నేను గుమాస్తాను కాబోలు. ఆమె ఆ టికెట్‌ను పర్సులో పెట్టుకుంటూ అంది:

"ఇద్దరం ఎస్సైలం గావాల్నే. ఒకే స్టేషన్ల. నువ్వు రాస్తవ్, నేను కొడ్త."

రాయడం నిజంగానే నా వంతు అయింది. పరీక్షకు నోట్సంతా నేనే రాశాను. ఆమె నా నోట్సు చదివింది. రాత పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ తర్వాత ఎనిమిది వందల మీటర్ల పరుగు. ఆమె ఎప్పుడో ఉరికి, గీత దగ్గర నిలబడి గొంతు చించుకుంది.

"ఉరుకే దొర్సానీ, ఉరుకు! అచ్చినవ్, ఇంకింతే!"

నాలుగు సెకన్లు ఆలస్యమయ్యాను. స్టాప్‌వాచీ పట్టుకున్న కానిస్టేబుల్ తల అడ్డంగా ఊపాడు. నేను గడ్డి మీద కూలబడ్డాను. ఆమె వచ్చి నన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను ఓదార్చారు, పోయింది ఆమెకే అనుకుని. ఓడిపోయింది నేను, ఏడ్చే హక్కు కూడా ఆమే తీసుకుంది. నా కడుపుమంట అక్కడ మొదలైంది. ఇన్నేళ్లలో చల్లారిన రోజు ఒక్కటీ లేదు.

రెండో సినిమా ఆమె ట్రైనింగ్‌లో ఉండగా వచ్చింది. సెలవు మీద వచ్చి నన్ను జగిత్యాలకు లాక్కుపోయింది. జుట్టు కత్తిరించుకుంది, భుజాలు వెడల్పయ్యాయి. మూడోదీ కలిసే చూశాం, టికెట్ వెనక ఎప్పటిలాగే సంతకాలు పెట్టాం. అప్పటికి నాకూ ఉద్యోగం వచ్చింది. సిరిసిల్లలో ఒక ప్రభుత్వ ఆఫీసు, తపాలు తీసుకునే సీటు. వచ్చిన ప్రతి కాగితం మీద ముద్ర గుద్దాలి, నెంబరు వేయాలి, సంతకం పెట్టాలి. పెళ్లయింది. మా ఆయనది మరమగ్గాల విడిభాగాల దుకాణం. ఒక బిడ్డ. చెప్పుకోవడానికి ఏ లోటూ లేదు. ఆమె సిరిసిల్లకు దగ్గరలోని ఒక స్టేషన్‌కు ఎస్సైగా రాకపోయి ఉంటే నేను సుఖంగానే ఉన్నానని నాకు తెలిసేది.

వచ్చిన రెండు నెలలకే ఊళ్లో ఆమెను సినిమా డిటెక్టివ్ పేరుతో పిలవడం మొదలుపెట్టారు, చివర "అక్క" అని తగిలించి. బండ్ల మీద పోకిరీలను తరిమిందని ఒక వీడియో. కల్తీ కల్లు కుండలు తన్నిందని ఒక వీడియో. ఆమె స్టేటస్‌లు నాకు కనబడకుండా ఫోన్లో మూసేశాను. మూసేసి, మా ఆయన స్నానానికి పోయినప్పుడు ఆయన ఫోన్లో చూసేదాన్ని. మా అమ్మ ఆ వీడియోలే నాకు పంపి కింద రాసేది, "నీ దోస్తే కదా" అని. కాదు, వేరే ఎవరో అని రాయాలనిపించేది.

మా బిడ్డ బడిలో వేషాల పోటీ వచ్చింది. ఎస్సై ఆంటీ వేషం వేస్తానంది. నేను ఊరుకోవచ్చు కదా, అడిగాను.

"అమ్మ లెక్క వేషం ఎందుకు ఎయ్యవే?"

"అమ్మ ఏం జేస్తది? ముద్దర్లు గుద్దుతది గంతే."

మా ఆయన పగలబడి నవ్వాడు. ఆ పూట అన్నంలో ఉప్పు ఎక్కువైంది. కావాలనే వేశానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ తర్వాత గల్ఫ్ ఏజెంటు సంగతి జరిగింది. మా వైపు ఇది కొత్త కాదు. ఆ ఏజెంటు గల్ఫ్‌లో ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బూ పాస్‌పోర్టూ తీసుకుని, వీసా లేదు, పాస్‌పోర్టు లేదు, రేపు రా మాపు రా అని తిప్పుకునేవాడు. అలా మోసపోయినవాళ్లు మొత్తం పదకొండు మంది. వాళ్ల ఆడవాళ్లు స్టేషన్ ముందు కూర్చున్నారు. వాళ్లలో రాయికల్ దిక్కు నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చిన ఒకామె ఒళ్లో చేట పెట్టుకుని, బీడీలు చుడుతూనే కూర్చుందట.

నా దోస్తు వారెంటు కోసం ఆగలేదు. పొద్దున పదకొండు గంటలకు ఏజెంటు ఆఫీసులోకి పోయి, ఇనుపరాడ్డుతో బీరువా తాళం పగలగొట్టి, పాస్‌పోర్టుల కట్ట చేత్తో పైకెత్తి పట్టుకుని బయటికి వచ్చింది. అచ్చం రెండో సినిమాలో లాగానే. మధ్యాహ్నానికి ఆ వీడియో సిరిసిల్లలో చూడనివాడు లేడు. మా ఆఫీసులో అన్నం డబ్బాలు పక్కకు పెట్టి మరీ చూశారు. సూపరింటెండెంటు "ఆడపిల్ల అంటే గిట్లుండాలె" అన్నాడు, నా వైపు చూడకుండా. చూడకుండా అన్నందుకే ఎక్కువ మండింది.

ఆ మధ్యాహ్నమే ఆమె మా ఆఫీసుకు వచ్చింది. నేను ఎన్నడూ చూడని మొహంతో వచ్చింది. చెమటలు కారుతున్నాయి. నా బల్ల ముందు నిలబడి, మడిచిన కాగితాలు తీసి నెమ్మదిగా అంది.

"జర సంతకం పెట్టవే. పంచ్‌గా."

తనిఖీ చేసేటప్పుడు పక్కన ఇద్దరు బయటివాళ్లు నిలబడి చూడాలి. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది అని రాసిన కాగితం మీద వాళ్లు సంతకం పెట్టాలి. వాళ్లను పంచులు అంటారు, ఆ కాగితాన్ని పంచనామా అంటారు. ఆమె లోపలికి పోయినప్పుడు పంచులు లేరు. ఆ సంగతి స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటర్ కానిస్టేబుల్ చెప్పేదాకా ఆమెకు గుర్తు రాలేదు. అందుకని తర్వాత కూర్చుని, పదకొండుకు మొదలుపెట్టి పన్నెండుకు ముగించినట్టు పంచనామా రాయించింది.

"ఒకడు దొరికిండు, జిరాక్సు దుకాణపాయన. ఇంకోలు సర్కారు నౌకరి చేసేటోళ్లుంటే కోర్టుల గట్టిగ నిలవడ్తదన్నడు మా రైటర్."

"నేను గాడ లేను గదనే?"

"ఊరంతా వీడియోల సూసింది. నువ్వు సూడలేదా?"

నవ్వొచ్చింది నాకు. సినిమాలో హీరో ఇచ్చేవీ పంచ్‌లే, ఇప్పుడు నేను కావలసిందీ పంచే. పన్నెండేళ్ల సోపతిలో ఆమె నా ముందు నిలబడి ఒకటి అడగడం అదే మొదటిసారి. ఆమె నిలబడి ఉంది, నేను కూర్చుని ఉన్నాను. కూర్చోమని కూడా అనలేదు. ఆ నిమిషం నాకు ఎంత బాగుందో చెబితే నన్ను మనిషి అనరు. ఇంకాసేపు నిలబడితే బాగుండును అనుకున్నాను.

అంతలో ఆమె ఫోన్ మోగింది. మాట్లాడుతూ కిటికీ వైపు తిరిగింది. నేను కాగితాలు చదివాను, ప్రతి పేజీ కింద సంతకం పెట్టాను. చివరి పేజీలో సంతకం కింద తేదీ వేశాను. తల ఎత్తి గోడ గడియారం చూశాను. తేదీ పక్కన 3.40 అని వేశాను.

ఆమె ఫోన్ జేబులో పెట్టి, కాగితాలు చూడకుండానే మడిచింది. "బతికించినవే దొర్సానీ" అని నా బుగ్గ గిల్లి పోయింది.

ఆ అంకెలను ఎవరూ చూడలేదు. రైటర్ చూడలేదు, ఛార్జిషీటు పోయేదాకా ఇంకెవరూ చూడలేదు. మా ఆఫీసులోనూ అంతే, సంతకం ఉందా లేదా అని చూస్తారు గానీ దాని కింద ఏముందో ఎవరికి కావాలి? ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చారు. పేపర్లో వచ్చిన ఆ ఫొటోలో కుడి పక్క ఖాళీగా ఉన్న చోట నన్ను నేను నిలబెట్టుకుని చూసుకున్నాను. నెలకు రెండు సార్లయినా మా ఇంటికి వచ్చి సర్వపిండి అడిగి చేయించుకుని తినేది. మా బిడ్డ ఆమె టోపీ పెట్టుకుని ఇల్లంతా తిరిగేది. ప్రతిసారీ చెబుదామని నోటిదాకా వచ్చేది. చెప్పి ఉంటే ఆమె ఏదో ఒక దారి వెతుక్కునేదేమో. సర్వపిండి రెండో వైపు తిప్పేలోగా ఆ మాట మళ్లీ కడుపులోకి పోయేది.

ఏడాదిన్నర తర్వాత కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. జిరాక్సు దుకాణం ఆయన అప్పటికే దుకాణం అమ్ముకుని దుబాయి పోయాడు. మిగిలిన పంచును నేనొక్కదాన్నే. వాయిదాకు ముందు రోజు ఆమె మా ఇంటికి వచ్చి, "ఏం లేదే, సూసిన అను, సాలు" అంది. నేను తల ఊపాను.

బోనులో నిలబడ్డాను. ఏజెంటు తరఫు వకీలు పెద్దాయన, మర్యాదస్తుడు. పంచనామా నా చేతికి ఇచ్చి, సంతకం మీదేనా అమ్మా అన్నాడు. నాదే అన్నాను. కింద అంకెలు కూడా మీవేనా అన్నాడు. నావే అన్నాను. చదవమన్నాడు.

"మూడు నలభై."

"పంచనామా పన్నెండు గంటలకే ముగిసిందని ఉంది. మరి మూడు నలభైకి సంతకం ఎక్కడ పెట్టారమ్మా?"

నా దోస్తు గోడకు ఆనుకుని నిలబడి ఉంది, యూనిఫాంలో. పరుగు రోజు గీత దగ్గర నిలబడ్డట్టే. ఈసారి అరవడానికి లేదు. ఇంకొక అబద్ధం చెబితే చాలు. అక్కడ మరచిపోయి తర్వాత పెట్టాను అన్నా సరిపోయేదేమో. నాకు ఆ అబద్ధం తోచింది కూడా.

"మా ఆఫీసులో పెట్టాను" అన్నాను.

"ఏజెంటు ఆఫీసుకు మీరు వెళ్లారా?"

"లేదు."

"మరి టైము ఎందుకు వేశారు?"

"ఆఫీసు అలవాటండి. సంతకం కింద వేస్తాం."

జడ్జిగారు రాసుకున్నారు. నేను చెప్పిందంతా నాకు చదివి వినిపించారు. సరియేనని ఒప్పుకుని మళ్లీ సంతకం పెట్టాను. ఆ సంతకం కింద తేదీ ఒక్కటే వేశాను.

బయట వరండాలో బీడీలు చుట్టే ఆమె నా చెయ్యి పట్టుకుంది. చూపుడువేలికి చిన్న రేకు గోరు తొడుక్కునే ఉంది, ఆకు మడవడానికి పెట్టుకునేది.

"అమ్మా, గిప్పుడు గాయినను ఇడిసిపెడ్తరా?"

తెలియదన్నాను. తెలుసు. కోర్టు ద్వారా పాస్‌పోర్టులు అప్పటికే వాళ్లకు అందాయి గానీ, పోయిన డబ్బూ పోయిన ఏడాదీ అడగడానికి ఇక కేసు అంటూ మిగలలేదు. నా దోస్తు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"పోనీయే. నువ్వు అబద్ధం జెప్పలే, గదే మంచిగైంది. తప్పు నాది. నేనే సూసుకునేదుండె."

ఆమె తిడితే బాగుండేది. ఆ మంచితనం చూస్తే నాకు పరుగు రోజు ఏడుపు గుర్తొచ్చింది.

కేసు కొట్టేశారు. ఆమె మీద విచారణ వేసి, స్టేషన్ నుంచి తీసేసి పై ఆఫీసులో కూర్చోబెట్టారు. ఏ సీటో తెలుసా? తపాలు. వచ్చిన కాగితాల మీద ముద్ర గుద్దడం. మా ఇంట్లో ఈ మాట విన్న రోజు నాకు రెండు పూటలా ఆకలి బాగా వేసింది. కానీ అది నెల రోజుల ముచ్చటే. అక్కడ కూడా ఆమె వచ్చాక ఏ కాగితమూ ఆగడం లేదట, ముసలివాళ్లకు కుర్చీ వేసి దరఖాస్తు తనే రాసిస్తుందట. మా అమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది. నా సీట్లో కూర్చుని కూడా నాకంటే బాగా చేస్తోందని నేను పళ్లు నూరుకున్నాను.

నాలుగో సినిమా మొన్న వచ్చింది. ఆమే ఫోన్ చేసింది.

"కోరుట్లల ఏసిన్రు. ఆదివారం మ్యాట్నీకి పోదామా? అమ్మ నీకోసం కుడుములు జేస్తనన్నది."

వెళ్లాను. వాళ్లమ్మ కుడుములు పెట్టింది, రెండుసార్లు వడ్డించింది. దుబాయి నుంచి వచ్చేసిన వాళ్ల నాన్న, "అమ్మా, కుర్చీల కూసో" అని తను లేచి నిలబడ్డాడు. వాళ్ల తాత అలవాటు ఆయనలో ఇంకా మిగిలి ఉంది. నేను కూర్చున్నాను.

హాలు సగం కూడా నిండలేదు. నాలుగోది బాగాలేదని అప్పటికే మాట పడిపోయింది. లైట్లు ఇంకా తీయలేదు. ఆమె టికెట్ నా చేతిలో పెట్టి, పెన్ను ఇచ్చింది.

"రాయవే. ఎప్పుడు రాసినట్టే."

వెనక్కి తిప్పి తేదీ వేశాను. సంతకం పెట్టాను. ఆమె సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టకుండా నా వైపు చాపింది.

"టైం?"

మామూలుగానే అడిగింది. తెర వైపు చూస్తూ అడిగింది. నేను పెన్ను అందుకున్నాను. 2.30 అని వేస్తే అయిపోయేది. ఒక్క చుక్క, మూడు అంకెలు. ఎందుకో ఆ పూట ఇక అబద్ధం రాయబుద్ధి కాలేదు.

"మా ఆఫీసుల టైం ఎయ్యరే. తేదీ ఒక్కటే ఏస్తం."

చెప్పేశాను. ఇన్నాళ్లూ మోసిన మాట, కోర్టులో కూడా మింగేసిన మాట, ఒక్క ముక్కలో బయటపడింది. ఆమె మొహం చూడడానికి భయపడి చేతిలో టికెట్‌నే చూస్తూ కూర్చున్నాను.

"నాకెర్కే" అంది.

తల ఎత్తాను. ఆమె పర్సు తెరిచి మూడు పాత టికెట్లు తీసి నా ఒళ్లో పెట్టింది. రంగు వెలిసిపోయాయి. మూడింటి మీదా నా రాత.

"కోర్టు నుంచి ఇంటికి వోయి తీసి సూసిన. మూడిటి మీద తేదీనే ఉన్నది. దేని మీద టైం లేదు."

"మరి అడగలేదేందే?"

"నువ్వు జెప్తవని సూసిన."

లైట్లు తీసేశారు. కోర్టు రోజు నుంచీ ఆమెకు అన్నీ తెలుసు. తెలిసి కూడా ఎప్పటిలాగే మా ఇంటికి వచ్చి సర్వపిండి తింది, మా బిడ్డకు టోపీ పెట్టింది, వాళ్లమ్మతో నాకు కుడుములు చేయించింది. తాళం పగలగొట్టకుండా, ఎవరినీ కొట్టకుండా, మూడు టికెట్లతో ఆమె నన్ను పట్టుకుంది. ఆ డిటెక్టివ్ నాలుగు సినిమాల్లో చేయలేని పని అది. ఆ చీకట్లో నాకు సిగ్గు వేసింది, ఏడుపు వచ్చింది. ఇంకొకటి కూడా కలిగింది, దాచుకుని లాభం లేదు. ఇంత జరిగాక నా పక్కన కూర్చోగలిగినందుకు నాకు ఆమె మీద మళ్లీ అసూయే కలిగింది.

తెర మీద హీరో తాళం పగలగొట్టాడు. ముందు వరుసల్లో ఎవరో ఈల వేశారు. నేను ఆమె ఈల కోసం ఎదురుచూశాను. ఆమె వేయలేదు.